మా అత్త కుట్టిన చీర సంచులు

మా అత్త పోయింది. గిద్దలూరులో మా కిరాణా దుకాణానికి వచ్చేవాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఊరు మారిపోయిన పాత బేరగాళ్లకు తెలియకపోవచ్చు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మార్కాపురంలో డయాలసిస్ చేయించుకుని తిరిగి వస్తున్నాం. బేస్తవారిపేట దాటాక కారులో నా భుజం మీద తల వాల్చింది. నిద్ర పట్టిందనుకుని కదలకుండా కూర్చున్నాను. ఇంటి ముందు కారు ఆగాక, దిగుదాం అత్తా అని తట్టి లేపబోతే అప్పుడు తెలిసింది.

అత్తాకోడళ్లన్నాక పేచీలు లేకుండా ఉండవు. వేరే ఇళ్లలో నగల దగ్గర, వంటల దగ్గర వస్తాయట. మాకు ప్లాస్టిక్ దగ్గర వచ్చేవి. పెళ్లయిన కొత్తలో పుట్టింటికి వెళ్లినప్పుడు ఎవరైనా తమ అత్త గయ్యాళితనం గురించి చెప్తుంటే, మా ఇంట్లో గొడవ ఏమిటో చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది. షాంపూ పాకెట్టు కోసం కొట్లాడుకున్నామంటే ఎవరు నమ్ముతారు? ఇప్పుడు కొట్లాడదామన్నా మనిషి లేదు. ఇల్లు బోసిపోయి ఉంది.

మొదటి నుంచీ ఆమె ఇట్లాంటి మనిషేం కాదు. మామ చిన్న వయసులోనే పోతే కాటా తన చేతిలోకి తీసుకుని, రాచర్ల ఆటోలు ఆగే చోటున్న ఆ దుకాణాన్ని ఒంటి చేత్తో నిలబెట్టింది. బేరం చేజారితే ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు. మా ఆయన పెద్దయి దుకాణంలో కూర్చున్నాక, కలశం బొమ్మా దాని కింద దుకాణం పేరూ అచ్చు వేయించి పసుపుపచ్చ కవర్లు తెప్పించారు. అందరికంటే ఎక్కువ మురిసిపోయింది అత్తే. అగ్గిపెట్టె కొన్నా కవర్లో వేసి ఇచ్చేది. ఊరంతా మన పేరే తిరుగుతుందని చెప్పుకునేది. నిజంగానే తిరిగింది. కాలవలో, కంపచెట్ల ముళ్లకు, బస్టాండు వెనక పెంటకుప్పలో, ఎక్కడ చూసినా మా కలశమే కనిపించేది.

రాచర్ల వైపు నుంచి ఒక గొర్రెల కాపరి ఉప్పు కోసం మా దగ్గరికి వస్తుండేవాడు. ఒక వేసవిలో మేత దొరక్క మందను ఊరి పక్కకు తోలుకొచ్చాడు. అందులో చూలుగొర్రె ఒకటి కడుపు ఉబ్బి, మా దుకాణం వెనక ఖాళీ జాగాలో పడిపోయింది. పొద్దుటి నుంచి కాళ్లు తన్నుకుంటూ, సాయంత్రానికి చచ్చిపోయింది. ఎందుకు పోయిందో చూద్దామని అతను కడుపు కోశాడు. పొట్టలోని మేత సంచిలో కవర్లన్నీ పెనవేసుకుపోయి ఒక ముద్దగా ఉన్నాయి. పక్కనే పిల్ల, కళ్లు తెరవకుండానే పోయినది. అత్తా నేనూ వెనక తలుపు తీసుకుని వెళ్లేసరికి అతను ఆ ముద్దలోంచి ఒక కవరు లాగి, చెంబులో నీళ్లతో కడుగుతున్నాడు. కడిగి అత్తకు చూపించాడు.

"చూడవ్వా, నీ అంగడిదే. నాకు చదువు రాదు, చెంబు బొమ్మను బట్టి గుర్తుపట్టినా."

అతను కొట్లాడలేదు, నష్టమూ అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేదని అత్త తరవాత చాలాసార్లు అంది. ఆ సాయంత్రం మాత్రం లోపలికి వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంది. మరునాడు దుకాణంలో వేలాడుతున్న కవర్ల కట్టలన్నీ విప్పి అటక మీద పడేసింది.

అట్లాగని ఒక్క రోజులో అన్నీ మార్చేయలేదు. ఆమె వ్యాపారం చేసిన మనిషి, జనం ఎంతవరకు ఓర్చుకుంటారో తెలుసు. ముందు ఉప్పు, బెల్లం కాగితం పొట్లాల్లోకి మారాయి. వాళ్లు దానికి అలవాటు పడ్డాక పప్పులు. ఆ తరవాత నూనెకు గిన్నె తెచ్చుకోమంది. తేనివాళ్లకు మా వంటింటి చెంబులు చేబదులు ఇచ్చింది. వాటిలో చాలావరకు తిరిగి రాలేదు, వాటి గురించి మాత్రం పోయేదాకా సణుగుతూనే ఉంది. ఇంట్లోనూ అదే పద్ధతి. అంట్లకు కొబ్బరిపీచు, తలకు కుంకుళ్లు, పిల్లల బడికి స్టీలు సీసాలు. ఒక్కో మార్పుకు నేను కొన్నాళ్లు మూతి ముడుచుకునేదాన్ని. సరిగ్గా మామూలు మనిషినయ్యే వేళకు ఇంకోటి మొదలుపెట్టేది. ఒకరోజు విసుగొచ్చి, మానాల్సినవన్నీ ఒకేసారి చెప్పేయమన్నాను, ఈ సాగదీత నావల్ల కాదన్నాను.

"అన్నీ ఒకపాలి మానితే నాలుగు దినాలకు అన్నీ మళ్లా వస్తాయమ్మాయ్. ఒకటి మాను. అది లేదని మర్చిపోయినాక ఇంకోటి మాను," అంది.

నేను డిగ్రీ చదివాను. అందులో చదివిందేదీ నాకు గుర్తు లేదు. ఈ మాట మాత్రం రోజూ పనికొస్తోంది.

పొట్లాలు కట్టివ్వడం సరే, వాటిని మోసుకుపోవడానికి సంచి కావాలి కదా. అత్త వీధిలో పాత చీరలు అడిగి తెచ్చి, మధ్యాహ్నం బేరం పలచబడ్డాక మిషన్ ముందు కూర్చునేది. అడుగున రెండు మడతలు వేసి, పట్టీల దగ్గర అడ్డదిడ్డంగా గట్టి కుట్లు వేసేది. కుట్టినవి సరుకుతో పాటు ఊరికే ఇచ్చేది. బీరువాలు ఖాళీ అవుతున్నాయని చుట్టుపక్కల ఆడవాళ్లు సంతోషంగా మూటలు పంపేవాళ్లు. పొరపాటు అక్కడే జరిగింది. ఎవరింట్లో ఏ పిల్లకు ఏ సంబంధం చూస్తున్నారో కూడా ఆరా తీసే మా అత్త, ఆ చీరలు ఎవరు కట్టినవని మాత్రం అడగలేదు.

మా వాళ్లలో పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచుకోరు. కర్మ అయిపోయాక ఎవరికో ఒకరికి ఇచ్చి పంపేస్తారు. పక్కవీధిలో ఒకావిడ, వాళ్ల అత్త పోయాక ఆ చీరలను పాత చీరల మూటలో కలిపి మాకు పంపింది. ఆ సంగతి చెప్పలేదు. వాటిలో ఒక చీరతో కుట్టిన సంచిలో మా అత్త పసుపుకొమ్ములు, వక్కలు పోసి ఒక పెళ్లింటికి పంపింది. అక్కడ పసుపు దంచడానికి ముత్తైదువలంతా కూర్చున్నారు. వాళ్లలో పోయినావిడ కూతురూ ఉంది. సంచికి ఉన్న నెమలికంఠం రంగు అంచు చూసి, ఇది మా అమ్మ చీర అని దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. పెళ్లికూతురి తల్లి చేతిలోని రోకలి కింద పెట్టేసిందట.

మధ్యాహ్నానికల్లా ఆ సంచి మా అరుగు మీదికి తిరిగొచ్చింది, దాని వెంట పెళ్లింటి ఆడవాళ్లూ వచ్చారు. శవం గుడ్డలో పసుపు పంపారన్నారు. నోటికి ఎంత వస్తే అంత అన్నారు.  వాళ్లు వెళ్లాక అత్త కొత్త పసుపు పళ్లెంలో పెట్టించి, నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. తాను గడప తొక్కితే శుభకార్యానికి మంచిది కాదంటారని ఎండలో బయటే నిలబడి, పళ్లెం నా చేత లోపలికి పంపింది. వాళ్లు తీసుకోలేదు. అప్పటికే వేరే దుకాణం నుంచి తెప్పించుకున్నారు. నేను పళ్లెంతో బయటికి వచ్చేసరికి అత్త చేతులు జోడించుకుని, మూసిన తలుపు వైపే చూస్తోంది. 

ఆ తరవాత బజారులో ఇళ్లవాళ్ల బేరం దాదాపు పోయింది. పల్లెల నుంచి కూలి పనులు చూసుకుని వచ్చే ఆడవాళ్లు మాత్రం మమ్మల్ని వదల్లేదు. వాళ్లలో చాలామంది ఆదివారం చర్చి నుంచి అట్లాగే వచ్చి వారం సరుకులు కట్టించుకునేవాళ్లు. ఒకామె సంచిని రెండు చేతులతో లాగి చూసి, మాకు అట్లాంటి పట్టింపులు లేవు పెద్దమ్మా, పిగలకుంటే చాలు అంది. అత్త ఆ రోజు చాలా కాలానికి నవ్వింది. అప్పటి నుంచి ఎవరు పాత చీర తెచ్చినా, తీసుకునే ముందు ఒక ప్రశ్న వేసేది. "కట్టినామె బాగుండాదా?" నిక్షేపంగా ఉన్న మనిషి తన చీర తానే తెచ్చి ఇచ్చినా అదే అడిగేది. కొందరు నవ్వుకునేవాళ్లు, కొందరికి ఒళ్లు మండేది.

మా ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. ఎదురు దుకాణంలో జనం కిటకిటలాడుతుంటే, మా దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చోవడం ఏ మగవాడికి బాగుంటుంది? ఒకరోజు అటక మీది కవర్లు దించుతానని నిచ్చెన వేశారు. దుకాణం మూతపడితే తినేదేమిటన్నది నా భయం కూడా. అందుకే నేను అడ్డం పోలేదు. అత్త వచ్చి నిచ్చెన పట్టుకుంది. కోపంగా కూడా అనలేదు.

"నేనుండంగ ఈ అంగట్లోకి కవరు రాదు నాయనా. నేను పోయినాక నీ ఇష్టం."

ఆయన నిచ్చెన దిగారు. ఆ మాట మా ఇంట్లో అట్లాగే ఉండిపోయింది. దుకాణం ఇట్లా ఉండేది ఆమె ఉన్నన్నాళ్లే అని ముగ్గురికీ తెలుసు.

తరవాత ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. మార్కాపురం తిరగడం మొదలైంది. మొదటిసారి డయాలసిస్ అయ్యాక నర్సమ్మ గొట్టాలు, సూదులు, ఖాళీ సంచులు అన్నీ ఊడదీసి ఎర్ర బుట్టలో వేస్తుంటే అత్త తల తిప్పి చూస్తూనే ఉంది. "ఒక్క ముసలిదాన్ని బతికించనీకి ఇంత ప్లాస్టిక్కా అమ్మాయ్" అంది.  ఆ తరవాత ప్రతిసారీ ఆ బుట్ట వైపు చూడకుండా కళ్లు మూసుకునేది.

నేను ఇక్కడ అబద్ధాలు రాయలేను. మా ఒక్క దుకాణం మానినందుకు ఊరు మారలేదు. మేం కారులో పోయే దారి పొడుగునా కంపలకు కవర్లు రెపరెపలాడుతూనే ఉన్నాయి, గొర్రెలు వాటి కింద మేస్తూనే ఉన్నాయి. అత్త అద్దంలోంచి చూస్తూ, తాను చేసింది దేనికన్నా పనికొచ్చిందా అని ఒకసారి అడిగింది. తెలియదత్తా అన్నాను. తెలియదని చెప్పినావు, అది మేలు అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి అప్పటికే ఉబ్బిపోయి ఉంది. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆ దారిలోనే ఇంకో మాట కూడా చెప్పింది.

"నా చీరలు యాడికీ పంపద్దు. సంచులు కుట్టు. ఇచ్చేటప్పుడు నావేనని చెప్పియ్యి. చెప్పకుండా మాత్రం ఎవరికీ ఇయ్యద్దు."

కర్మ అయిపోయాక ఆ మాట బయటపెడితే మా ఆడబిడ్డ ఏడ్చింది, పెద్దవాళ్లు కోప్పడ్డారు. పోయిన మనిషి చీరలు పదిమందిలో వేలాడదీస్తారా అన్నారు. నేను వాళ్లతో వాదించలేదు. తలుపు వేసుకుని మిషన్ ముందు కూర్చున్నాను. ఆమె కట్టిన చీరలు కత్తిరించడం ఎంత కష్టమో కుట్టేటప్పుడు గానీ తెలియలేదు. నడుము దగ్గర అరిగి పలచబడ్డ చోట్లను అడుగుకు పనికిరావని పక్కన పెట్టాను. పెట్టి, ఆ ముక్కల మీదే తల పెట్టుకుని ఏడ్చాను.

దుకాణం మళ్లీ తెరిచిన పొద్దున ఆ సంచులు కొక్కేలకు తగిలించాను. మా ఆయన చూశారు గానీ తీసేయమనలేదు. ఆయన కొత్త కవర్ల కట్ట ఒకటి తెచ్చి కాటా కింద, నా కాళ్ల దగ్గర పెట్టారు. అమ్మ మాట అమ్మతోనే అయిపోయింది, ఇంక నాకు ఓపిక లేదు అన్నారు. ఆయన కళ్లు వాచి ఉన్నాయి. నేనూ ఆ కట్ట తీసేయమనలేదు.

వచ్చినవాళ్లకు ఇవి మా అత్త చీరలేనని చెప్పాను. కొందరు మొహం తిప్పుకున్నారు. కొందరు సరుకు చేతుల్లో పట్టుకుని పోయారు. మిట్టమధ్యాహ్నం వీధి చివరి అవ్వ వచ్చింది. పెళ్లింటి గొడవలో అందరూ మానేసినా మానకుండా అత్త దగ్గరే కొన్న మనిషి ఆమె. పప్పు, బెల్లం, చింతపండు పొట్లాలు కట్టి, సంచి తీసి చేతికిచ్చాను. ఆకుపచ్చ నూలు చీరది. ఆమె దాన్ని బొటనవేలితో రుద్ది చూసింది. నేను చెప్పకముందే గుర్తుపట్టింది.

"ఇది కట్టుకోనే గదమ్మా నాకు పప్పు కొలిచినాది. దీంట్లో నేను సరుకులు మోసుకపోలేను. ఒక కవరియ్యి తల్లీ."

కవర్ల కట్ట నా పాదానికి తగులుతోంది. గల్లాపెట్టె దగ్గర మా ఆయన తలెత్తి నా వైపే చూస్తున్నారు.

కవర్లు లేవవ్వా అన్నాను.

 అవ్వ సంచిని నాలుగు మడతలు పెట్టి కాటా పక్కన ఉంచింది. కొంగు ముందుకు లాక్కుని రెండు చేతులా ఒడి పట్టింది. పొట్లాలు ఒక్కొక్కటే అందులో పెట్టాను. ఆ బరువును పొట్టకు అదుముకుని, మెట్టు దిగి, ఆటోలు హారన్లు కొడుతున్నా పక్కకు జరగకుండా ఎండలో మెల్లగా నడుచుకుంటూ పోయింది.