కండక్టరన్న దగ్గరి యువరాజు ఉత్తరం

ఇబ్రహీంపట్నం డిపోలో రిటైరైన ఆ కండక్టరన్న, యుద్ధకాలంలో రాజకుటుంబాలవాళ్లు చేత్తో రాసిన ఉత్తరాలు సేకరించేవాడు. అవన్నీ ఉర్దూలో ఉండేవి, ఆయనకేమో ఉర్దూ రాదు. అయినా చూడవచ్చినవాళ్లతో చెప్పులు విప్పించేవాడు. దేవుడికే నేను విప్పని చెప్పులు రాజుగారి కాగితానికి విప్పాలా అని నాకు ఒళ్లు మండేది.

"ఏం రాసిండో తెల్వకుండ మొక్కుడేందన్నా? చదివిద్దాం పా."

"వద్దు సార్. ఏదన్న చిల్లర ముచ్చటుంటే నా ఇజ్జత్ పోతది."

పట్టుబట్టి ఒక ఉత్తరాన్ని పక్కింటి ఉర్దూ టీచరమ్మతో చదివించాను. యుద్ధభూమి నుంచి ఒక యువరాజు తన తల్లికి రాశాడు: కూడు సయించడం లేదు, మామిడికాయ తొక్కు పంపు, ఫిరంగుల మోతకు భయమేస్తోంది.

"చూసినవా నీ రాజును?" అని నవ్వాను.

కండక్టరన్న నవ్వలేదు.

"పాపం, పిలగాడు సార్. గా తొక్కు ముట్టిందో లేదో. తల్లి రాసిన జవాబు యాడున్నదో ఎతకాలె."