గీతల మాస్టారు

ఆఫీసులో అందరూ ఆయన్ని 'గీతల మాస్టారు' అనేవారు. ఎప్పుడో ఆరిపోయి, ఉన్న వేడితోనే మినుకుమంటున్న శ్వేత కుబ్జ తారల్లో ఏది ఏ రకమో తేల్చడం ఆయన పని. ఆకాశాన్ని సర్వే చేసే టెలిస్కోపు ఒక్కో చుక్క వెలుతురును విడదీసి, పొడవాటి గీతగా పంపుతుంది. ఆ గీతలో అక్కడక్కడా గుంటలు పడతాయి. ఒక చోట పడితే హైడ్రోజన్, మరో చోట పడితే హీలియం. గుంటే లేకపోతే 'సాదా'. చాలావాటిని యంత్రమే తేలుస్తుంది. అది చేతులెత్తేసినవాటిని ఇద్దరు మనుషులు విడివిడిగా చూస్తారు. ఇద్దరి మాటా కలిస్తే ఆ చుక్కకు రకం ఖాయమైనట్టే.

రెండో మనిషి ఆయన అన్నకూతురు. పని నేర్పింది ఆయనే. "కంగారెందుకు తల్లీ, చుక్కేమీ పారిపోదు" అంటూ, పక్కన కూర్చోబెట్టుకుని చూడటం అలవాటు చేశాడు.

ఆ ఏడాది ఇద్దరి మాటా కలవడం తగ్గింది. ఆమె గుంట ఉందంటే ఆయన సాదా అనేవాడు. తగువు తీర్చే మేడమ్ ప్రతిసారీ ఆమె వైపే మొగ్గేది. బాబాయిని మించిపోయానని మొదట్లో లోలోపల మురిసింది కూడా. తర్వాత భయం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. తెర మీద హైడ్రోజన్ గుంట ఇంత వెడల్పున నోరు తెరుచుకుని ఉంది.

"ఇది సాదా అన్నావేంటి బాబాయ్?"

"తిన్నగానే ఉందిగా" అంటూ ఆయన తెర మీద వేలు జరిపాడు. వేలు గుంట మీదుగా నేరుగా దాటిపోయింది. ఆమె ఆ వేలు పట్టుకుని వెనక్కి, గుంట మీదకు తెచ్చింది. ఆయనకు అర్థమైంది.

"నాకూ గుంట కనిపిస్తోందే" అన్నాడు గొంతు తగ్గించి. "కాకపోతే అన్నిట్లోనూ కనిపిస్తోంది. తలుపు అంచు చూసినా అంతే. మన బాత్రూమ్ తలుపులో హైడ్రోజన్ ఉండదు కదా! అందుకే గుంట కనిపిస్తే చాలు, కొట్టిపారేస్తున్నా."

ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"అదే తెలీదు తల్లీ. నా మాట ఎప్పట్నుంచి చెల్లదో నాకే తెలీదు."

కంటి డాక్టర్ దాచిపెట్టలేదు. చూపు మధ్యభాగం అరిగిపోతోందని, పోయింది తిరిగి రాదని చెప్పేశాడు. "అద్దాలు మారిస్తేనో?" అని పిన్ని అడిగిందే అడిగింది. డాక్టర్ ప్రతిసారీ ఓపిగ్గా, లాభం లేదన్నాడు.

మేడమ్‌కు బాబాయే వెళ్లి చెప్పాడు. ఆవిడ మంచిది. కసురుకుని ఉంటే అన్నకూతురికి కోపం తెచ్చుకునే వీలైనా దొరికేది.

"ఎప్పట్నుంచి మొదలైందో చెప్పండి మాస్టారూ, అంతకు ముందువన్నీ నిలబెడతాను" అని బతిమాలింది. ఆయన చెప్పలేకపోయాడు. ఊహించి చెప్పమంటే ఒప్పుకోలేదు. ఆయన సాదా అన్న చుక్కలన్నిటి పక్కనా ప్రశ్నార్థకం పడింది. వాటిలో నిజంగా సాదావి ఎన్నో ఉన్నాయి.

"అవన్నీ నేను మళ్లీ చూస్తాను మేడమ్" అంది ఆమె.

"నువ్వొక్కదానివే చూస్తే చెల్లదమ్మా. రెండో మనిషి కావాలి. వాళ్లు ఎప్పుడొస్తారో నా చేతుల్లో లేదు."

అయినా చూసింది. చూపు లేక ఆయన ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. మిగిలిన కొద్ది రోజుల్లో బాబాయి రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు.

"చెప్పు, ఏముంది?"

"ఎడమవైపు లోతుగా దిగింది. ఆ పక్కన ఇంకోటి, చిన్నది."

"అంచు మెల్లగా వాలిందా, ఉన్నట్టుండి పడిందా?"

"మెల్లగా."

"అయితే హైడ్రోజనే." ఆమె చూసిందీ అదే. కానీ చూడకుండా చెప్పిన మాట లెక్కలోకి రాదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

ఒకసారి ఎటూ తేలని గీత వచ్చింది. గుంటో, గీతలో ఉత్త గరుకుదనమో అంతుపట్టలేదు. పాత అలవాటు కొద్దీ తెరను ఆయన వైపు తిప్పి, "ఉందా బాబాయ్?" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

ఆయన ముందుకు వంగాడు. తల అటూ ఇటూ తిప్పి, కంటి చివర నుంచి చూడబోయాడు. కింద గేటు దగ్గర పిన్ని వచ్చి ఎదురుచూస్తోందని ఎవరో చెప్పి వెళ్లారు. ఆయన కదల్లేదు.

"నాకు తెలీడం లేదు తల్లీ" అన్నాడు చివరికి.

"నాకూ తెలీడం లేదు బాబాయ్" అంది.