నాయనమ్మ సీరియల్, నా అనుమానం

ఆ రోజుల్లో నేను మనుషుల్ని మనుషులుగా చూడడం మానేశాను. అమలాపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, చదివేది జర్నలిజం. మా మేడంగారు ఓ రోజు పాఠం చెబుతూ, "తెర మీద ఏదీ ఊరికే ఉండదమ్మా! దీపం ఆరినా, పాలు పొంగినా, వెనక ఉరుము వినబడినా, అక్కడ ఎవరిదో ఒక ఉద్దేశం ఉంటుంది" అన్నారు. ఒక టీవీ సీరియల్ తీసుకుని, మాట లేకుండానే అందులో అర్థం ఎలా పుట్టిస్తున్నారో విప్పి చూపించమని ప్రాజెక్టు కూడా ఇచ్చారు. ఆవిడ చెప్పింది తెర సంగతి. నేను దాన్ని కొత్తపేటలో మా ఇంటిదాకా మోసుకొచ్చాను, చిక్కంతా అక్కడే వచ్చింది.

మా ఇంట్లో సీరియల్ అంటే నాయనమ్మ సొత్తు. సాయంత్రం ప్రార్థన అయిపోగానే (ఒక్కోరోజు 'ఆమేన్' కంటే ముందే రిమోటు చేతిలోకి వచ్చేసేది) ఆవిడ మంచం మీదికి చేరేది. నేను పక్కన కూర్చుని తెరను సగం, ఆవిడ మొహాన్ని సగం చూసేదాన్ని. పెద్దకోడలి మొహం మీదికి కెమెరా మూడుసార్లు దూకితే, ఏ దూకుడికి నాయనమ్మ 'అయ్యో' అంటుందో కనిపెట్టాలి కదా! గయ్యాళి అత్తగారిని కిందనుంచి ఎత్తుగా చూపించినప్పుడల్లా ఈవిడ కాళ్లు ముడుచుకునేది. అవన్నీ నాలో నేనే గొణుక్కుంటూ గుర్తుపెట్టుకునేదాన్ని.

కొన్నాళ్లకే ఇంట్లో ఏదో జరుగుతోందని నాకు అనుమానం మొదలైంది. నేను వంటింట్లోకి వెళితే అమ్మా నాన్నా మాట ఆపేసేవారు. అమ్మ ఉన్నట్టుండి కొబ్బరి కోరడం మొదలుపెట్టేది (ఆ పూట కూరలో కొబ్బరే లేదు). నాన్న ఫోను పట్టుకుని పెరట్లో అరటిచెట్ల దాకా వెళ్లి మాట్లాడేవారు. అన్నిటికీ మించి, బీరువా మీద ఉండే నా ఫొటో మాయమైంది! గుసగుసలు, చాటుమాటు ఫోన్లు, మాయమైన ఫొటో. ఏ సీరియల్లోనైనా వీటికి ఒకటే అర్థం, పెళ్లి సంబంధం. అవతల విశాఖపట్నంలో నాకు పీజీ సీటు వచ్చి ఉంది. అది చదవనివ్వకుండా ఎవరికో కట్టబెట్టేస్తున్నారని నాకు ఒళ్లు మండిపోయింది. ఇక తలుపు చాటున నిలబడి చెవులు రిక్కించేదాన్ని. నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టే చప్పుడులో కూడా కుట్ర వినిపించేది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలు వేసి నన్ను మధ్యలో కూర్చోమంది. అందరి చూపూ నా మీదే. ఇంకేముంది, సంబంధం తెచ్చింది ఈయనే!

"నేను చేసుకోనండి" అనేశాను, ఆయన నోరు విప్పకముందే.

"అయ్యయ్యో, తొందరపడకమ్మా. ముందు ఆ అబ్బాయెవరో చెప్పు" అన్నారాయన నెమ్మదిగా.

"ఏ అబ్బాయండీ? మీరు తెచ్చిన సంబంధమే కదండీ?"

"నేనెక్కడ తెచ్చేనమ్మా! నీ మనసులో ఎవరో ఉన్నారని మీ నాన్నగారు బెంగెట్టుకుని ఫోన్ చేసేరు."

మంచం మీదనుంచి నాయనమ్మ అందుకుంది. "మరేనండి! టీవీ చూడమంటే నా మొహం చూస్తాదండి. తనలో తనే మాటాడుకుంటాది. తలుపెనకాల నిలబడతాది. సీరియల్లో పిల్లలు ప్రేమలో పడితే ఇలాగే కదండీ చేసేది? నేనే చెప్పేను మావాడికి."

నా ఫొటో పాస్టరుగారి బైబిల్లోంచి బయటపడింది. నా మనసు మారాలని ప్రార్థన చేయమంటూ అమ్మే ఇచ్చిందట! నా వాలకం చూసి వాళ్లు గుసగుసలాడారు, ఆ గుసగుసలు విని నా వాలకం మరీ ముదిరింది. "ఇక్కడే ఇలాగుంటే అంత దూరం ఎలా పంపమంటారండీ?" అన్నారు నాన్న. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. సీటు చేజారిపోయేలా ఉంది. అబ్బాయీ లేడు గిబ్బాయీ లేడు, అదంతా ప్రాజెక్టని మొత్తుకున్నాను.

"అలాగైతే రేపు సీరియల్ పెట్టి చూపించమ్మా" అన్నారు పాస్టరుగారు.

మర్నాడు సాయంత్రం ఆయన కూడా వచ్చి కూర్చున్నారు (నిజం తేల్చడానికే అన్నారు). నేను టీవీ పక్కన నిలబడ్డాను. "ఇప్పుడు కోడలి చేతిలో పళ్లెం జారుతుంది, మూడుసార్లు చూపిస్తారు" అన్నాను. జారింది, మూడుసార్లు. "ఇప్పుడు గుమ్మంలో కాళ్లు మాత్రమే చూపిస్తారు. వచ్చేది చనిపోయాడనుకున్న మొగుడే. మొహం రేపటికి దాస్తారు." కాళ్లు వచ్చాయి, ఎపిసోడ్ అయిపోయింది.

"ఆయ్, నిజమేనండి!" అన్నారు పాస్టరుగారు. నాన్న మొహం తేటపడింది. నాయనమ్మ మాత్రం రిమోటు విసిరికొట్టింది. "ఒరేయ్, దీన్ని తొందరగా బస్సెక్కించేయరా! అన్నీ ముందే చెప్పేస్తే ఇంక నేనేం చూడను?"

తల్లి మాట కాదనడం నాన్నకు ఎప్పుడూ చేతకాలేదు.

నేను బయలుదేరిన రోజు నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "హమ్మయ్య, ఇంక సుఖంగా చూసుకుంటాను" అంది. కంట్లో చుక్క నీరు లేదు. పీడ విరగడైందని సంబరపడుతోందని తేల్చేసి, కాస్త కోపంగానే బస్సెక్కాను. హాస్టలుకి చేరాక, సీరియల్ అయ్యే వేళకి ఫోన్ చేశాను.

"నాయనమ్మా, ఇవాళ ఏమైంది?"

"ఏమో అమ్మడూ, చూళ్లేదు. కరెంటు లేదు."

ఆవిడ గొంతు వెనక మా పాత ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది (మా ఇంట్లో ఇన్వర్టరు లేదు). "సరేలే, వచ్చాక చూడు" అన్నాను.

ఇప్పుడు నేనే పిల్లలకు ఆ పాఠం చెబుతున్నాను. శబ్దం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఫ్యాను గుర్తొచ్చి, మాట మధ్యలో ఆపేసి నాలో నేనే నవ్వుకుంటాను. పిల్లలు నన్ను అనుమానంగా చూస్తారు.