దశరథం గొంతు విప్పిన వారం

రాసుకోనిదే చదువు రాదని సిరిసిల్లలో వినోద టీచరుకు మొండి నమ్మకం. ఉద్యోగాలకు పనికొచ్చే ఇంగ్లీషు నేర్పే ఆమె సెంటరులో పన్నెండేళ్లుగా అందరూ నోట్సు రాయాల్సిందే. కాదంటే ఆమెకు ముక్కు మీదే కోపం.

అలాంటి టీచరుకు దశరథం దొరికాడు. ఇరవై ఏళ్లుగా పవర్‌లూమ్ నడుపుతున్న మనిషి. ఊరి బయట కొత్త బట్టల మిల్లులో సూపర్‌వైజర్ పోస్టు పడింది. మనుషుల్ని తీసుకునే అక్కడి ఇంజనీరు తమిళాయన, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో, అదీ వారం రోజుల్లో. షెడ్డు కూలితో ఇల్లు గడవదు, ఆ పని రాకపోతే భార్యాపిల్లల్ని వదిలి కూలికి మస్కట్ పోవాల్సిందే.

రెండు రోజుల్లోనే రెండు నోటుపుస్తకాలు నింపాడు గానీ, ఇంగ్లీషులో అడిగితే పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు.

"గట్టిగ చెప్పన్నా! చీమలకు చెప్తున్నవా?"

"చెప్తనే ఉన్న గద మేడం!" అని అతనే ఆశ్చర్యపోయాడు.

ఇదేం చోద్యమో తేల్చుకుందామని మర్నాడు వినోద అతని షెడ్డుకు పోయింది. మగ్గాల మోతకు చెవులు గింగురుమన్నాయి. దశరథం రెండు వేళ్లెత్తి పెదవులు కదిపితే, ఆ చివర ఉన్నాయన రెండు దారపు కండెలు తెచ్చిచ్చాడు. అక్కడ గొంతుతో పనే లేదు, పని మాటలకు పెదవులే అలవాటు. ఇన్నేళ్లలో ఒక్క విద్యార్థి పనిచేసే చోటైనా చూడనందుకు ఆమెకు సిగ్గేసింది.

"పుస్తకం పక్కకు వెట్టన్నా. పని చేసుకుంటనే చెప్పు," అంది.

రోజూ మగ్గాలు ఆపే అన్నం వేళ ఆ షెడ్డే బడి. అతను తెగిన పోగు చూపిస్తే ఆమె ఇంగ్లీషులో అనేది. అతను ముడి వేస్తూ ఆ మాటే పైకి అనేవాడు. నాలుగు రోజుల్లో గొంతు లేచింది.

తీరా ఇంటర్వ్యూలో కుర్చీలో కూర్చోబెట్టేసరికి మళ్లీ ఉత్త పెదవులే. వినోద తోడొచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇక ఆగలేక, "సార్, మెషిన్ దగ్గర అడగండి!" అని ఇంగ్లీషులో అరిచేసింది.

ఇంజనీరు విసుక్కుంటూనే లేచి అతన్ని మగ్గాల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆగి ఉన్న మగ్గం మీద చెయ్యి పడగానే దశరథానికి మాట వచ్చింది. పోగు తెగితే ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో గడగడా చెప్పాడు. చివరికి ఇంజనీరు, కొత్తవాళ్లకు పని ఎలా నేర్పుతావని అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు.

"నో బుక్ సార్," అన్నాడు దశరథం ఖంగుమని. "ఫస్ట్ హ్యాండ్. దెన్ మౌత్."

ఇంజనీరు పకపకా నవ్వి, సోమవారం పనిలోకి రమ్మన్నాడు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మాత్రం పన్నెండేళ్లు నోట్సు రాయించిన టీచరే.