తలుపు లేని పెట్టె

మద్రాసులో సగం కరెంటు నేల కిందే పారుతుందన్న సంగతి కరెంటు వాడుకునే జనానికి పట్టదు. కంటికి స్తంభం కనపడకపోతే అది గోడలోనే పుట్టిందనుకుంటారు. పోయినప్పుడు మాత్రం దానికి ఒక మనిషి ఉన్నాడని గుర్తొస్తుంది, తిట్టడానికి. ఆ మనిషిని నేను. జార్జి టౌన్ సందుల్లో రోడ్డు తవ్వించి, గుంతలో దిగి, కాలిపోయిన కేబులు ముక్క కోసేసి కొత్త అతుకు వేయడం నా పని. జాయింటర్ అంటారు మమ్మల్ని. నా భార్య తమ్ముడు కూడా నా వెనకాలే ఆ పనిలోకి వచ్చాడు. వాడి చేతి అతుకు ఎన్ని వానలు తిన్నా పగిలేది కాదు. బావమరిదని పొగుడుతున్నానని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు.

ఆ పనిలో మాకో ఆచారం ఉండేది. సందు మొదట్లో ఫుట్‌పాత్ మీద ఒక ఇనుప పెట్టె ఉంటుంది, ఆ సందు కరెంటంతా అందులోంచే పోవాలి. పని చేయబోయే కేబులు తాలూకు ఫ్యూజులు మూడూ అందులోంచి పీకి, గుంతలో దిగేవాడే వెంట తీసుకుపోవాలి. పైనున్నవాడి చేతికివ్వకూడదు, వాడు సొంత అన్నయినా సరే. తుండుగుడ్డలో మూటగట్టి తొడ కింద పెట్టుకుని పని మొదలుపెట్టాలి. పైకొచ్చాక వాడే తన చేత్తో మళ్ళీ పెట్టాలి. ప్రాణం ఒకడిదీ ఫ్యూజు ఇంకొకడి దగ్గరా, అనేవాళ్ళు మా పెద్దలు. ఏ ఆఫీసరూ మాకిది నేర్పలేదు. చచ్చినవాళ్ళను చూసి మేమే నేర్చుకున్నాం.

సౌకార్‌పేట పక్కనున్న ఒక సందు సంగతి చెప్పాలి. అంతా హోల్‌సేల్ దుకాణాలు, ఎక్కువగా గాజులు, పూసలు, ఫ్యాన్సీ సామాను. ఆ సందు పెట్టెకు తలుపు లేదు. తుప్పు పట్టి రాలిపోతే ఎవరో పాత ఇనుముకు వేసేశారు. దాని బదులు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ముక్క ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉండేది. కొత్త తలుపు కావాలని అడిగినప్పుడల్లా ఆఫీసులో వస్తుంది వస్తుంది అనేవాళ్ళు. ఆ సందు వాళ్ళకు తలుపు లేకపోవడమే సుఖం. ఫ్యూజు కాలిపోతే మా కోసం కాచుకోవడమెందుకని దుకాణాలవాళ్ళు సొంతానికి ఫ్యూజులు కొనిపెట్టుకున్నారు, జన్మకు కాలకుండా లావుపాటి రాగి తీగె చుట్టి. పెట్టెలో ఖాళీ కనపడితే ఎవడో ఒకడు తెచ్చి తగిలించేవాడు. మా ఆఫీసువాళ్ళకు ఇదంతా తెలుసు. ఫోన్లు తగ్గాయని సంతోషించారు కూడా.

దీపావళికి ముందు, వానలో, ఆ సందు మధ్యలో కేబులు కాలింది. మధ్యాహ్నం గుంత తవ్వించాం. నేనప్పటికి రిటైరవడానికి దగ్గర పడ్డాను, మోకాళ్ళు వంగడం లేదు, అందుకని బావమరిది దిగాడు. ఫ్యూజులు వాడే పీకాడు, వాడే మూటగట్టుకున్నాడు. టెస్టర్ పెట్టి చూశాడు, కరెంటు లేదు. కేబులు కోసి చివర్లు ఒలుస్తున్నాడు.

"బావా, అతుకు తొడుగులు వ్యానులోనే ఉండిపొయ్యె. తెస్తావా?"

"తెస్తాలే. పై చర్మం జాస్తి ఒలవబాకరా."

"నాకు నేర్పేది మానవు గదా నువ్వు! పో పో, ముసలోడా."

వ్యాను సందులోకి రాలేక పెట్టెకు అవతల పెద్దరోడ్డు మీద నిలబడి ఉంది. తోపుడుబళ్ళూ సరుకు బేళ్ళూ తప్పించుకుంటూ పోయి, తొడుగులు తీసుకుని తిరిగి సందు మొదటికి వచ్చేసరికి, గుంతకు ఇవతల ఉన్న దుకాణాల్లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. గాజుల అద్దాల బీరువాలు ధగధగలాడాయి. కొనడానికి వచ్చిన జనం "ఆఁ, వచ్చేసింది" అని హాయిగా నవ్వారు. ఆ నవ్వులోనే నాకు వాడి కేక వినపడింది.

పెట్టెలో మూడు ఫ్యూజులున్నాయి. వాటికి చుట్టిన రాగి తీగె నా చిటికెనవేలంత లావుంది. పీకి రోడ్డు మీద విసిరేసి గుంత దగ్గరికి పరిగెత్తాను. వాడు గుంత గోడకు ఆనుకుని కూర్చుని కుడి చేతిని చూసుకుంటున్నాడు. మా ఫ్యూజుల మూట అప్పటికీ తొడ కిందే ఉంది. బేళ్ళు మోసే కూలీలు ఇద్దరు వాణ్ణి పైకి లాగితే ఆటోలో వేసుకుని పోయాను. ఆస్పత్రిలో ప్రాణం నిలిచింది. బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ తీసేశారు.

నేను తిరిగి వచ్చి వెతికేసరికి రోడ్డు మీద విసిరిన ఫ్యూజులు లేవు.

అసలు భయం అప్పుడు మొదలైంది. బయటివాళ్ళు పెట్టారనడానికి అవే రుజువు. ఫ్యూజు తీయకుండా దిగాడని రాస్తే వాడి ఉద్యోగం పోతుంది. వేళ్ళు లేని జాయింటరుకు బయట ఇంకెవరు పనిస్తారు? మా అత్త వాడి చెయ్యి చూసి ఏడవలేదు. "వీడి ఉజ్జోగం నిలబెట్టు నాయనా, అది చాలు" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆ ఫ్యూజులు పెట్టింది సందు మొదట్లో ఉన్న గాజుల దుకాణం గుమాస్తా. సందు మలుపు అవతల బేళ్ళ చాటున గుంత ఉందని అతనికి తెలియదు. పెట్టెలో ఖాళీ చూశాడు, రోజూ చేసే పనే చేశాడు. మర్నాడు ఆ దుకాణం పెద్దాయన నన్ను పిలిపించాడు. తాతల కాలంలోనే ఈ ఊరొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. అన్నేళ్ళూ నన్ను "ఓయ్ కరెంటూ" అని అరవంలోనే పిలిచేవాడు. నేను తెలుగువాణ్ణని తెలిసీ. ఆ వేళ లోపల పరుపు మీద చోటు చూపించాడు.

"రాప్పా, ఈడ కూచో. కాఫీ తెప్పించేదా?"

"నిలబడే ఉంటా సార్."

"సార్ ఏందప్పా! మనమూ మనమూ తెలుగోళ్ళం. ఈ ఊళ్ళో మనకు మనమే గదా."

"నిన్నటి దాకా అట్ట అనుకోలేదు మీరు."

ఆయన ఆ మాట విననట్టు సర్దుకున్నాడు. "మా గుమాస్తా పగతో చేసినాడా, చెప్పు. బిల్లు మిషను ఆగిపోయె, పండగ గిరాకీ వెళ్ళిపోతా ఉంది. ఖాళీగా ఉందే అని పెట్టినాడు."

"పగ అని నేను అన్లేదు. జరిగింది జరిగినట్టు చెప్పమంటా ఉండా. లేకపోతే మావోడి ఉద్యోగం పోతాది."

"జరిగింది ఎవురు చూసినారు?"

"నేను చూసినా. మీ ఫ్యూజులు నా చేత్తోనే పీకినా."

"సెరి. ఏడ ఉండాయి అవి?"

ఎంతో నెమ్మదిగా అడిగాడు. నేను కాఫీ తాగకుండా వచ్చేశాను. పెట్టె ఎదురుగా టీ కొట్టు ఉంది, కొట్టతన్ని అడిగాను. సందులో కాకి వాలినా అతనికి తెలుస్తుంది. "అన్నా, నేను పాలు కాస్తా ఆ పక్క తిరిగి ఉండినా" అన్నాడు. అతని టీ తాగేది ఆ దుకాణాలవాళ్ళే. కూలీలదీ అదే కథ, వాళ్ళు మోసే బేళ్ళు ఆ దుకాణాలవే. అతని మీదా వాళ్ళ మీదా నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. ఇప్పటికీ ఆ టీ కొట్టు ముందుగా పోను.

విచారణకు వచ్చిన ఆఫీసరు మంచివాడే, నా మాట నమ్మాడు. ఫ్యూజుల మూట తొడ కిందే ఉందని వాణ్ణి పైకి లాగిన కూలీలు చెప్పారు. దుకాణాల ఊసు ఎత్తకుండా వాళ్ళు చెప్పగలిగింది అదొక్కటే. కనుక తీయకుండా దిగాడని రాయలేదు. కానీ ఎవరి తప్పూ లేదని కూడా రాయకూడదట. చెయ్యి పోయిందంటే ఎవరో ఒకరి తప్పు ఉండాలట. వ్యాపారుల మీద రాస్తే పైనుంచి ఫోన్లు వస్తాయి, తలుపు పెట్టించని ఆఫీసు మీద రాస్తే అది తన మీదే రాసుకోవడం. ఇవేవీ ఆయన నోటితో అనలేదు, నేను ముఖంలో చదువుకున్నాను. చివరికి నన్నడిగాడు, పెట్టెకు తాళం వేసి ఎందుకు దిగలేదని.

"తలుపే లేని పెట్టెకు తాళం ఏడ వేసేది సార్?"

గదిలో ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. తలుపు లేదని ఎప్పుడైనా రాసి ఇచ్చారా అన్నాడు. నోటితో అడిగాం అన్నాను, వానాకాలమూ ఎండాకాలమూ అడిగాం అన్నాను. నోటి మాట ఫైల్లో ఉండదు అన్నాడు. నిజమే. ఫైల్లో ఉండేదే నిజమైతే మేం గుంతల్లో గడిపిన ఆయుష్షంతా అబద్ధం.

అరవంలో వచ్చిన ఉత్తర్వును నేనే చదివాను. బళ్ళో నేర్చిన చదువు కాదు నాది, అరవం అక్షరాలు నాకు దుకాణాల బోర్డులే నేర్పాయి. అందులో 'అజాగ్రత్త' అనే మాట ఉంది. పెట్టెను భద్రం చేయకుండా గుంతలో దిగిన అజాగ్రత్త. ఉద్యోగం మిగిల్చారు. జాయింటర్ పని తీసేసి ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు.

"పోనీలే బావా, ఉజ్జోగం ఉండాది గదా. అమ్మ అడిగింది అదే గదా" అన్నాడు వాడు.

"అజాగ్రత్త అని రాసినార్రా నిన్ను!"

"రాసుకోనీ. ఫోనెత్తితే అజాగ్రత్త కనపడతాదా?"

ఆ నెలలోనే పెట్టెకు కొత్త తలుపు పెట్టారు. తాళం కూడా వేశారు. అర్జంటుకు మావాళ్ళు అందకపోతే ఇబ్బందని ఒక తాళంచెవి గాజుల దుకాణంలో ఇచ్చి పోయారు. గల్లాపెట్టె పైన దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతుండగా నా కళ్ళతో చూశాను. దాన్ని పీకి సముద్రంలో పారేయాలనిపించింది. రెండోది చేయించుకుంటారని ఊరుకున్నాను.

రిటైరయ్యాక ఒకరోజు వాణ్ణి చూడ్డానికి ఆ ఫోను గదికి పోయాను. ఒక ఫోను తర్వాత ఒకటి. వాడు రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఎడమ చేత్తో వంకరగా వీధి పేరు రాసుకుంటున్నాడు. ప్రతివాడికీ చివర ఒకే మాట చెబుతున్నాడు: "పెట్టె ముట్టుకోబాకండి, మావాళ్ళు గుంతలో ఉంటారు." ఎవరూ చెప్పమనలేదు వాణ్ణి. పక్క కుర్చీలో ఉన్న పై ఉద్యోగి విసుక్కున్నాడు, అది నీ పని కాదు, ఫిర్యాదు రాసుకుని పెట్టేయి అని. వాడు "సరే సార్" అన్నాడు. మళ్ళీ ఫోను మోగింది. వీధి అడిగాడు, రాసుకున్నాడు, గొంతు తగ్గించి మళ్ళీ అదే మాట చెప్పబోయాడు.

సగంలోనే అవతలివాడు పెట్టేశాడు.