ప్రొఫెసర్ రాజేశం దొరికిపోయిన రోజు

మా చిన్నప్పుడు సాయంత్రమైతే నేను రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని... పక్కనే తమ్ముడు రాజేశం పదో తరగతి పుస్తకం పట్టుకుని పైకి చదివేవాడు. పైకే చదవాలన్నది నా హుకుం. నాకు అక్షరం ముక్క రాదు... వాడు చదువుతున్నాడో లేదో ఇంకెలా తెలుస్తుంది?

పది తప్పితే మర్నాడే మగ్గం మీద కూర్చోబెడతానని నేతపని చేసే మా బాపు తేల్చి చెప్పాడు. నూలు దుమ్ము పీల్చి పీల్చి బాపుకు పట్టిన దగ్గు వింటుంటేనే నాకు భయమేసేది... వీడికీ అదే రాసిపెట్టి ఉందా అని.

ఒకరోజు వెలుగు పాఠం చదువుతున్నాడు. ఎక్కడా తడబాటు లేదు. నాకు అనుమానం వచ్చి, అదే పేజీ మళ్లీ చదవమన్నాను. మొదటిసారి నీళ్లలో వంగిన వెలుగు, రెండోసారి అద్దంలో వంగింది...

"పుస్తకం ఒక్కోపాలి ఒక్కో మాట చెప్తదారా?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "సమజైతలేదక్కా... నోటికొచ్చింది చదువుతున్న."

పరీక్షకు నెల కూడా లేదు. బాపుతో అంటే ఆ రోజే మగ్గం ఎక్కిస్తాడు... అనకపోతే పరీక్ష పోతుంది. నా చేతిలో దారం తెగుతూనే ఉంది.

తెల్లారి వాణ్ని రెక్క పట్టుకుని సైన్సు సారు ఇంటికి లాక్కెళ్లాను. "వీనికి సమజయ్యేదాక మేము ఈడికెల్లి పోం సారూ" అన్నాను. సారు నవ్వలేదు, కసరలేదు. గ్లాసు నీళ్లలో చెంచా వేసి చూడమన్నాడు. చెంచా విరిగినట్టు నాక్కూడా కనిపించింది... తమ్ముడు గ్లాసు చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఆ నెలంతా రోజూ తీసుకుపోయాను.

ఫలితాల పేపర్లో వాడు నంబరు వెతుకుతుంటే నేను వాడి మొహమే చూశాను. వేలు కిందికి కిందికి పోతోంది... ఆగింది.

"ఉన్నదక్కా."

కరీంనగర్‌లో ఇంటరు, డిగ్రీ... తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ... ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు ప్రొఫెసర్ అయ్యాడు. మొన్న రిటైర్మెంట్ సభలో వాడి చదువులు మైకులో చదివారు. ఎమ్మెస్సీ నుంచి మొదలుపెట్టారు... ఆ సైన్సు సారు మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను ఒప్పుకోను. అందుకే ఇది రాయిస్తున్నాను.

రాస్తున్నది మా మనుమరాలు. ఇంజనీరింగ్ చదువుతోంది, వారంలో పరీక్షలు. పాఠాలన్నీ ఫోనులోనే... పెదవి కదలదు, చప్పుడు ఉండదు. ఇల్లు ఇంత నిమ్మళంగా ఉంటే నాకు బెంగగా ఉంటుంది.

మీ ఇళ్లలో ఒకప్పుడు ఎవరు, ఏ పాఠం పైకి చదివేవారో కింద రాయండి... మా మనుమరాలితో గట్టిగా చదివించుకుని వింటాను.