దోమల కాకకు దేవుణ్ణి చూపించబోయి

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఎవరైనా దేవుడి మాటెత్తితే చాలు. భక్తి పెరిగేకొద్దీ మనసు మెత్తబడుతుందని పెద్దలు చెబుతారు గానీ, నాకు మాత్రం భక్తితోపాటు రక్తపోటు పెరిగింది. ఇరవై రెండేళ్ళు, చేతిలో కొత్త నర్సు ఉద్యోగం, సరిహద్దు నది ఒడ్డున తెలుగువాళ్ళుండే సిరోంచలో మా చర్చి యౌవనస్థుల కూటంలో ముందు వరస కుర్చీ, ఇంట్లో 'మిరపకాయ' అనే పేరు. (పెట్టింది మా నాయనమ్మ. పచ్చిదా ఎండుదా అని అడిగితే "కాలాన్ని బట్టి" అనేది.) దేవుణ్ణి నమ్మనివాళ్ళు లోకంలో ఉన్నారన్న సంగతి, ఎవరో పనిగట్టుకుని నన్నే అవమానించినట్టు ఉండేది. అలాంటి నన్ను జింగనూర్ దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో వేశారు. అక్కడ నాతో కలిసి పనిచేయవలసిన మనిషి దోమల కాక.

దోమల కాక (కాక అంటే మా వైపు బాబాయి) మలేరియా పని చూసే ఉద్యోగి. జ్వరం వచ్చినవాళ్ళ వేలు పొడిచి గాజుపలక మీద ఒక బొట్టు రక్తం తీసుకోవడం, ఇళ్ళలో మందు కొట్టించడం, దోమతెరను చేపలు పట్టడానికి వాడొద్దని బతిమాలడం ఆయన పని. మా సిరోంచ తెలుగువాడే. యాభై దాటిన మనిషి, గోండు పిల్లలతో గోండీలోనే పోట్లాడగలిగేవాడు. నాకు బండి రాదు కాబట్టి ఆయన మోటారు సైకిలు వెనక కూర్చుని ఊళ్ళు తిరిగేదాన్ని. మొదటి రోజు నేను బండి పక్కన నిలబడి కళ్ళు మూసుకుని ప్రయాణ ప్రార్థన చేసుకుంటుంటే ఆయన ఇంజను ఆపేసి ఊరుకున్నాడు. ఆమెన్ అన్నాక "అయిందా బిడ్డా, పోదామా" అన్నాడు.

"నువ్వు చేసుకోవా కాకా?"

"నేను నమ్మ బిడ్డా. దేవుడు లేడని నా ఎరుక" అని, ఇవాళ వాన రాదులే అన్నంత మామూలుగా చెప్పి, కిక్కు కొట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేడన్నందుకు కాదు, అంత మామూలుగా అన్నందుకు. కోపంగా అని ఉంటే నేనూ కోపంగా జవాబు చెప్పేదాన్ని కదా. ఆ ఆదివారం సిరోంచ వెళ్ళి యౌవనస్థుల కూటంలో ఈ ఘోరం చెప్పుకున్నాను. మా కూటానికి పెద్దయిన అన్న ఒకాయన, నమ్మనివాళ్ళ నోరు మూయించే ప్రశ్నలన్నీ సొంత దస్తూరీతో రాసుకున్న నోట్‌బుక్కు ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఒక్కోటి వదులు చెల్లె. మూడో దానికి పడిపోతడు" అన్నాడు. (ఆ అన్న జన్మలో ఒక్క నాస్తికుణ్ణి కూడా ఎదురుగా చూడలేదని నాకు తరువాత తెలిసింది.)

బండి మీద వెనక కూర్చున్న మనిషి ముందున్న మనిషిని వాదంలో ఓడించడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఇంజను మోతకు గొంతు చించుకోవాలి, గుంత వచ్చినప్పుడల్లా నాలుక కరుచుకోవాలి. "కాకా, గడియారం ఉన్నదంటే దాన్ని చేసినోడు ఉన్నట్టే కదా" అని నేను అరిస్తే, ఆయన ముంజేయి తిప్పి చూసుకుని "పదకొండయింది బిడ్డా" అన్నాడు. "ఇంత అడవిని ఎవరు చేసిండ్రు?" అంటే "ఫారెస్టోళ్ళను అడుగు, మాదే అంటరు" అన్నాడు. మూడో ప్రశ్నకు పడిపోవలసినవాడు నాకే ఎదురు ప్రశ్న వేశాడు: "సరే, దోమను ఎవరు చేసిండ్రో జర నువ్వు చెప్పు. నా నౌకరి దాని మీదనే నడుస్తాంది." నోట్‌బుక్కులో దోమ లేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, బండి ఆపించి దిగి, అడవి దారిలో ఒక్కదాన్నే నడవడం మొదలుపెట్టాను. ఆయన నా వెనకే మొదటి గేరులో, ఎద్దు నడకన బండి పోనిచ్చాడు. కొంత దూరం పోయాక "కోపం ఉంటె ఉండనీ. కాళ్ళకు చెప్పులే ఉన్నయి, గడ్డిల పాములుంటయి. ఎక్కు" అన్నాడు. ఎక్కాను. ఆ ఎక్కడం కూడా కోపంగానే ఎక్కాను.

ఏడాదంతా ఇదే వరస. ఆయన్ని నేను అడిగిన ప్రశ్నలు వందకు తక్కువ ఉండవు. వాటిలో ఒక్కటి కూడా జవాబు తెలుసుకోవాలని అడిగింది కాదు. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ, అప్పుడెవరైనా అని ఉంటే వాళ్ళమీదా మండిపడేదాన్ని.

ఆ వానాకాలంలో ఒక ఊళ్ళో నాలుగేళ్ళ పాపకు జ్వరం తలకెక్కింది. వాగు పొంగి ఉంది. కాక ఆ పాపను భుజాన వేసుకుని, తాడు పట్టుకుని అవతలికి దాటించి, జీపు దొరికేదాకా రోడ్డు మీద నిలబడ్డాడు. పాప బతికింది. తిరిగి వస్తూ ఒక చెట్టు కింద తడిసిన బట్టలు పిండుకుంటూ ఉన్నట్టుండి చెప్పాడు. "నా బిడ్డ గిట్లనే పోయింది. మూడోది చదువుతుండె. వాగు అడ్డం వచ్చింది. అప్పుడు నేను కూలికి పోయేటోన్ని. ఆ ఏడాదే ఈ నౌకరికి అర్జీ పెట్టిన." అంతే. నేను ఏడ్చాను. ఏడుపు నిజమే. కానీ ఏడుస్తూ ఏడుస్తూనే నా బుర్రలో ఒక దీపం వెలిగింది: అదన్నమాట సంగతి, బిడ్డ పోయిన దుఃఖంతో దేవుడిమీద అలిగాడన్నమాట. రోగమేదో దొరికిన నర్సులా లోలోపల సంతోషించాను కూడా. రాయడానికే సిగ్గుగా ఉంది.

క్రిస్మస్ వారంలో మా చర్చికి దూరం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి ఇవ్వమన్నారు. నేను రాశాను: నాతో పనిచేసే ఒక నాస్తికుడు, బిడ్డ చనిపోయి విశ్వాసం కోల్పోయాడు, పండుగ కూటానికి వస్తాడు, ఆయన మారుమనస్సు కోసం ప్రార్థించండి. అక్షరాలు కూడా గుండ్రంగా రాశాను. అటు కాకను "పండుగ భోజనానికి రా కాకా" అని పిలిచాను. నేను పిలిచానని ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా నాయనమ్మ కోసం ఒక సీసాలో అడవి తేనె పట్టుకుని, మధ్యాహ్నానికి వచ్చాడు. మగవాళ్ళ వైపు చివరి బల్ల మీద కూర్చున్నాడు. పాటకు అందరూ లేచినప్పుడు లేచాడు, కూర్చున్నప్పుడు కూర్చున్నాడు. నేను పాటల బృందంతో ముందు, మైకు పెట్టె పక్కనే కూర్చుని, ఇంకాసేపట్లో జరగబోయే అద్భుతం కోసం చూస్తున్నాను.

ప్రసంగీకుడు కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి మొదలుపెట్టాడు. "ఈ సభలో ఒక నాస్తిక సోదరుడు ఉన్నాడని దేవుడు ఇప్పుడే నాతో చెబుతున్నాడు. సోదరుడా, నీ బిడ్డ చనిపోయింది కదూ. ఎందుకు చనిపోయిందో ఎప్పుడైనా ఆలోచించావా? ఆ ఇంట్లో ప్రార్థన లేదు. ప్రార్థన లేని ఇంట్లో పిల్లలు ఎలా నిలుస్తారు?"

చర్చిలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. కాక తల తిప్పలేదు, దించలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు. పంతొమ్మిదేళ్ళు అడవిలో ఇంటింటికీ తిరిగి పరాయి పిల్లలకు మాత్రలు మింగించిన మనిషిని పట్టుకుని ఒకడు మైకులో ఆ మాటంటున్నాడు. నాకు అప్పటిదాకా వచ్చిన కోపాలన్నీ ఉత్త రిహార్సలని ఆ క్షణంలో తెలిసింది. నేను లేచి, మైకు పెట్టె వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. రంగు బల్బుల తోరణం కూడా అదే ప్లగ్గులో ఉందట, అదీ ఆరిపోయింది. మా ఊరివాళ్ళు కరెంటు పోయిందనుకుని అలవాటు ప్రకారం నలుగురు జనరేటరు దగ్గరికి పరుగెత్తారు. ప్రసంగీకుడు మాత్రం పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

"అయ్యా, గా మాట దేవుడు చెప్పలే" అన్నాను. నా గొంతు బండి మీద ఏడాది సాధన చేసింది కదా, చివరి బల్ల దాకా వినబడింది. "నేను రాసిన చీటి అది. మీ జేబులనే ఉన్నది. ప్రార్థన చెయ్యిమని ఇచ్చిన. ఆయన బిడ్డను ఆయన మీదికే ఇసరమని ఇయ్యలే."

పాస్టరయ్య లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా నాయనమ్మ గొంతు వచ్చింది. "అన్నం చల్లారుతాంది. ఇగ ఆమెన్ అనుండ్రి." అందరూ ఆమెన్ అన్నారు. ఆ ఏటి క్రిస్మస్ కూటం అలా ముగిసింది. (ఆ ప్రసంగీకుణ్ణి క్షమించాలని ప్రతి ఈస్టరుకూ తీర్మానం చేసుకుంటున్నాను. ఇంకా కుదరలేదు.)

నేను బయటికి పరుగెత్తేసరికి కాక బండి తిప్పుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే, నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. అంతమందిలో వైరు గుంజిన వీరనారిని కదా.

"నా బిడ్డ సంగతి నీకు చెప్పిన సిస్టర్. మైకుకు చెప్పలే" అన్నాడు.

ఆయన నన్ను సిస్టర్ అనడం అదే మొదలు. "కాకా, నేను ప్రార్థన కోసమనే..."

"ఎందుకోసమన్న గానీ. ఇంకో మాట ఇను. బిడ్డ పోయిందని నేను నమ్ముడు ఇడిసిపెట్టలే. పదోది చదివేటప్పుడే ఇడిసిన. మంచిగ కూసోని, ఆలోచన చేసి ఇడిసిన. ఏడాది సంది నా ఎనక కూసోని ఒర్రుతున్నవు, ఎందుకు కాకా అని ఒక్కనాడు అడగకపోతివి. నువ్వే ఒక కారణం అనుకున్నవు. దానికి నా బిడ్డను వాడుకున్నవు."

భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. నేను ఇంటికి పోయి ప్రసంగీకుణ్ణి తిట్టడం మొదలుపెడితే, నాయనమ్మ తేనె సీసా బల్ల మీద ఠక్కున పెట్టింది. "ఆయన్ని తర్వాత తిడుదువు. చీటి ఎవరు రాసిండ్రు?" అంది. "మీ తాత ఏసును నమ్ముకున్ననాడు ఊరోళ్ళు ఏమన్నరో తెలుసా? బువ్వకు మతంల కలిసిండు అన్నరు. బట్టకు కలిసిండు అన్నరు. ఎందుకు నమ్మినవురా అని ఒక్కడు అడగలే. మీ తాత సచ్చేదాక ఆ మాటకే ఏడ్సిండు. వాళ్ళు మీ తాతకు చేసిందే నువ్వు ఆయనకు చేసినవు." ఇంత వయసులో ఎవరెన్ని ప్రసంగాలు చెప్పినా, నన్ను మోకాళ్ళ మీద పడేసింది ఆ నాలుగు మాటలే.

తరువాత మూడు వారాలు అడవిలో బండి శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. "ఎక్కుండ్రి సిస్టర్", "దిగుండ్రి సిస్టర్". ఆ 'ఉండ్రి' ఒక్కోటి ఒక్కో సూది. చివరికి ఒక రోజు ఒక ఊరి బోరింగు దగ్గర టైరు పంచరై, ఆయన చక్రం విప్పుతుంటే, నేను పానాలు అందిస్తూ అన్నాను. "కాకా, తప్పయింది."

"సరే" అన్నాడు, తల ఎత్తకుండా.

"నువ్వు ఎందుకు నమ్మవో ఇప్పుడు అడగొచ్చా?"

ట్యూబును బకెట్టు నీళ్ళలో ముంచి బుడగలు చూశాడు. "అడగొచ్చు. మధ్యల నోరు తెరవొద్దు."

పంచరు అతికి, ఎండి, చక్రం బిగించేదాకా చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ జాతరకు పోయి మొక్కింది, పక్కింటాయన ఇంకో దగ్గర మొక్కాడు, ఎవరి దేవుడు వాళ్ళకు గట్టి. అందరూ గట్టిగా చెప్పినవాళ్ళే గానీ, "నాకు తెల్వదు" అన్న మనిషి ఒక్కడు దొరకలేదట. తెలియనప్పుడు తెలియదనడమే మర్యాద అనిపించిందట. నాకు నడుమ పదిసార్లు కోపం వచ్చింది. జవాబులు నాలుక మీదికి బొబ్బల్లా లేచాయి. పానా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, అరచేతిలో అచ్చు పడింది.

"ఇగ నువ్వు చెప్పు" అన్నాడు. "నువ్వెందుకు నమ్ముతవు? నోట్‌బుక్కుల ఉన్నది కాదు, నీది."

నోరు తెరిచాను. ఏడాది పాటు అడవి దద్దరిల్లేట్టు అరిచినదానికి ఒక్క మాట రాలేదు. చివరికి మా తాత సంగతి చెప్పాను. ఊళ్ళో కులం పేరుతో ఎవరూ గడప లోపలికి రానివ్వని మనిషిని, ప్రార్థనకు వెళ్ళిన మొదటి రోజు లోపలికి పిలిచి అందరితోపాటు చాప మీద కూర్చోబెట్టారని, ఆ రోజు నుంచి తాత నడుం నిటారుగా పెట్టుకుని నడిచాడని, నాకు దేవుడంటే మొదట తెలిసింది ఆ నడుమేనని. కాక పూర్తిగా విన్నాడు.

"మీ తాత మంచి పని చేసిండు. నేనున్నా ఆ చాప మీద కూసుందును" అన్నాడు.

"నమ్ముదువా మరి?"

"కూసుందును అన్న బిడ్డా" అన్నాడు.

బిడ్డా అన్నాడు. మిగతాది నాకు వినబడలేదు.

ఆయన ఎన్నడూ నమ్మలేదు, నేను ఎన్నడూ మానలేదు. నేను వేరే ఊళ్ళకు బదిలీ అయ్యాను, ఆయన రిటైరయ్యాడు. పోయిన ఏడాది నాకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని సరిహద్దు నదికి అవతల ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మత్తు దిగాక కళ్ళు తెరిస్తే, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాక. డెబ్భై దాటాడు, రెండు బస్సులు మారి వచ్చాడట.

"ఎప్పుడొచ్చినవు కాకా?"

"పొద్దుగాల. లోపలికి తీస్కపోకముందే."

"ఇంతసేపు ఏం జేసినవు?"

"ఏం జేస్త బిడ్డా. నీకేం కావొద్దు అనుకుంట బయట కూసున్న."

ప్రార్థనంటే అదే కదా కాకా, అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఇరవై రెండేళ్ళ నేనైతే అనేసి ఉండేదాన్ని. అనడమేమిటి, ఆ ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పి, ఆయన కూర్చున్న కూర్చోవడాన్ని నా దేవుడి ఖాతాలో కలిపేసి ఉండేదాన్ని. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొచ్చింది. కుట్లు గుంజాయి. ఆయన కూర్చున్నాడు, అది ఆయనదే. మాటను మింగలేక మింగేశాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి డ్యూటీ నర్సు గబగబా వచ్చి "నొప్పిగా ఉందా అక్కా?" అంది.

"కొంచెం" అన్నాను.